వార్ ఇంజురీ పెన్షన్: 20 ఏళ్ళకు పైగా తీసుకున్నాక నా మాట
1999లో కార్గిల్‌లో మందుపాతర పేలి నా ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పుణె ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కొత్త కాలు పెట్టి, నడక నేర్పి పంపారు. అప్పట్నుంచీ గుంటూరులోనే, ఇల్లు గడిచేది ఈ యుద్ధ గాయం పెన్షన్ మీదే.

డబ్బు విషయంలో నాకే వంకా లేదు. నెలాఖరుకల్లా ఖాతాలో పడుతుంది, పిల్ల చదువు దీంతోనే అయింది. అయితే పీపీవోలో, అంటే పెన్షన్ మంజూరు చేసిన ఆర్డరు కాగితంలో, ఏ మాట రాశారో చూసుకోవాలి. మామూలు వైకల్య పెన్షన్ అయితే వైకల్యం నూటికి నూరు శాతం ఉన్నా ఆ పద్దు కింద వచ్చేది చివరి జీతంలో 30 శాతమే. యుద్ధ గాయంతో సర్వీసు నుంచి పంపేసిన వాళ్ళకి నూరు శాతానికి చివరి జీతమంతా లెక్క కడతారు, సర్వీస్ పెన్షన్ వేరు. తేడా చూడండి.

నాకు దెబ్బ పడింది ఇంకో చోట. వైకల్యం ఎంతో తేల్చే మెడికల్ బోర్డు నాకు 60 శాతం రాసింది. 50 నుంచి 75 మధ్య ఉంటే 75గానే లెక్కేయాలి, నాకేమో ఏళ్ళ తరబడి 60కే వచ్చింది, నాకూ తెలీదు. తోటి జవాను ఒకడు పీపీవో చూసి "ఇదేంటన్నా, నీకు 75 రావాలిగా" అన్నాడు. ఇక అర్జీలు, తిరుగుళ్ళు. ఒక ఆఫీసులో బోర్డు కాగితం ఒరిజినల్ తెస్తేనే ఫైలు కదులుతుందన్నారు. మా ఆవిడ ట్రంకు పెట్టెలో పెళ్ళి చీర కింద దాచింది దాన్ని. మడతల దగ్గర చిరిగి, ఊదా రంగు స్టాంపు సగం వెలిసిపోయి ఉంది, కానీ 60 అంకె మాత్రం స్పష్టంగా కనిపించింది. దాదాపు రెండేళ్ళకి బకాయిలన్నీ ఒకేసారి పడ్డాయి. ఆ రోజు ఆవిడ ఏడ్చింది.

రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతి స్పర్శ్ వచ్చాక, బతికే ఉన్నామని ఏటా చూపించే లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్ తగ్గింది. ఇంతకుముందు దాని కోసం ఎండలో ఆ కాలేసుకుని మెట్లెక్కితే తొడుగు ఒరుసుకుని పుండు పడేది. ఇప్పుడు ఏడాదికోసారి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఫోన్‌కి ముఖం చూపించి కళ్ళార్పితే అయిపోతుంది. కానీ మా వీధిలో సుబేదార్ గారి భార్యకి ఇంగ్లిష్ రాదు, ఏ మెసేజ్ వచ్చినా "తమ్ముడూ, పెన్షన్ ఆపేశారా" అని భయంగా ఫోన్ చేస్తుంది. అలాంటి వాళ్ళ కోసం ఇంటికొచ్చి తెలుగులో చెప్పే మనిషి కావాలి.

గాయంతో పంపేసిన వాళ్ళ పెన్షన్‌కి ఇన్‌కమ్ టాక్స్ లేదు, కట్ చేస్తే వెంటనే అడగండి. గుంటూరులో ఎవరికైనా పీపీవో అర్థం కాకపోతే బోర్డు కాగితంతో సహా తీసుకురండి, కూర్చుని చూద్దాం.