పాత హామ్ రేడియో పత్రికలు: ఉచిత స్కానా, ఏడాది చందానా, విడి వ్యాసమా?

హామ్‌లు వాడే 40 మీటర్ల షార్ట్‌వేవ్ బ్యాండుకి చిన్న రిసీవర్ కడదామని కూర్చున్నాను. కావలసిన వ్యాసం ఏనాటిదో పాత సంచికలో ఉందని తేలింది. హామ్‌లకి, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా సొంత రేడియో నడిపేవాళ్లకి, ఇది మామూలే. మనం కట్టబోయేదాన్ని ఎవరో ఎప్పుడో కట్టి, రాసి పెట్టే ఉంటారు. అది చదవడానికి ఎంత ఇవ్వొచ్చన్న దగ్గరే పేచీ.

ముందు ఉచితం సంగతి. 1960 నుంచి 2003 దాకా అమెరికాలో వచ్చిన ‘73’ అనే హామ్ పత్రిక ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో దొరుకుతుంది. పాపులర్ ఎలక్ట్రానిక్స్, వైర్‌లెస్ వరల్డ్ లాంటివి వరల్డ్ రేడియో హిస్టరీ సైట్‌లో ఉన్నాయి. సంచికకి సంచికే ఉంటుంది కాబట్టి ఆనాటి ప్రకటనలూ చూడొచ్చు. నాకైతే వ్యాసాల కన్నా వాటి మీదే ఎక్కువ పొద్దుపోతుంది.

చిక్కల్లా స్కాన్ నాణ్యతతోనే. ఒకసారి ఎక్కడిదో స్కాన్ కాపీ చూసి ఆడియో ఆంప్లిఫయర్ కట్టాను. కిక్కురుమనలేదు. ట్రాన్సిస్టర్ పోయిందనుకుని హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్తవి తెచ్చి మార్చాను. ఊహూఁ. ఆదివారమంతా పోయాక మరో కాపీ దొరికింది. ట్రాన్సిస్టర్‌ని సరిగ్గా పనిచేయించే బయాస్ రెసిస్టర్ విలువ 4.7కె, అంటే 4,700 ఓమ్‌లు. నా కాపీలో చుక్క ఎగిరిపోయి 47కె అయింది! రూపాయి ఖరీదు చేయని రెసిస్టర్ రోజంతా తినేసింది. పైగా ఉచితం ఎప్పుడూ అందుబాటులో ఉంటుందన్న నమ్మకమూ లేదు. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఇంటర్నెట్ ఆర్కైవే కొన్ని రోజులు మూతపడింది.

ఇక చందా. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ సభ్యులకి క్యూఎస్‌టీ పత్రిక పాత సంచికలు 1915 నుంచీ ఆన్‌లైన్‌లో తెరిచి పెట్టింది. 2024 జనవరి నుంచి సభ్యత్వం ఏడాదికి 59 డాలర్లు. అచ్చు పత్రిక కావాలంటే పైన ఇంకా కట్టాలి. ఆ 59 డాలర్లే మన లెక్కలో సుమారు 5,000 రూపాయలు. నేను హామ్ లైసెన్సుకి 20 ఏళ్లకి కట్టింది 1,000. దాని పక్కన పెట్టి చూస్తే గుండె గుభేలుమంటుంది. అయితే ఆ డబ్బుకి కొత్త సంచికలు కూడా వస్తాయి. నెలనెలా చదివేవాళ్లకి ఇది దండగ కాదు. ఒక్క యాంటెన్నా బొమ్మ కోసం వచ్చినవాడికి మాత్రం గారె ముక్క కోసం పెళ్లి భోజనం టికెట్ కొన్నట్టే.

అలాంటివాడికి విడి వ్యాసమే న్యాయం అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అదే వాదించాను. కానీ సర్క్యూట్ వ్యాసాల్లో తప్పులు పడతాయి. రెండు మూడు నెలల తర్వాత సవరణ ఏ మూలో వేస్తారు. క్యూఎస్‌టీలో దానికోసం ఫీడ్‌బ్యాక్ అని ఒక శీర్షికే ఉంది. ఆ ముక్క లేకుండా వ్యాసం ఒక్కటే అమ్మితే, డబ్బు పెట్టి తప్పు కొనుక్కున్నట్టు. అందుకని సవరణల్ని వ్యాసానికి జతచేసి ఇచ్చేవాళ్ల దగ్గరే విడిగా కొనడం మేలు. మనవాళ్లకి ఇంకో తంటా ఉంది. రెండు డాలర్ల కోసం కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేయాలి, ఆ పైన బ్యాంకు వడ్డన వేరు.

నన్నడిగితే, 30 ఏళ్లు దాటినవి ఉచితంగా వదిలేయాలి. రాసినవాళ్లకి అప్పుడే పారితోషికం ముట్టింది, ప్రకటనల డబ్బూ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేసి ఉచితంగానే పెట్టింది కదా. ఆ తర్వాతివైతే, శుభ్రమైన స్కాన్‌కీ సవరణలకీ కలిపి వ్యాసానికి 150 రూపాయలు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

ఆ లెక్కన 5,000 చందా గిట్టాలంటే ఏడాదిలో 34 వ్యాసాలు వాడుకోవాలి. అందుకే కావలసినవి కనబడ్డప్పుడల్లా సంచిక నెలతో సహా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఉచితంగా దొరికినవి ఆ జాబితాలోంచి కొట్టేస్తున్నాను. ప్రస్తుతానికి 19 మిగిలాయి. 34 అయిన రోజున ఒక్క ఏడాదికి చందా కడతాను.