మ్యూజిక్ కొలాజ్ కిట్: మా ఎనిమిదో తరగతి తరఫున ఐదుకి రెండు స్టార్లు

ఒంగోలు పక్కన ఉన్న మా జిల్లా పరిషత్ హైస్కూలుకి పూర్వ విద్యార్థి ఒకాయన ఆన్‌లైన్‌లో కొని ఈ డబ్బాలు పంపించాడు. సంగీతం వింటూ అబ్‌స్ట్రాక్ట్ కొలాజ్, అంటే ఫలానా వస్తువు బొమ్మని కాకుండా ఉత్త రంగులు, ఆకారాలుగా కాగితం ముక్కలు అంటించి చేసే బొమ్మ, చేయించే కిట్ అట. పంపించిన మనసుకి వంక పెట్టను, వస్తువుకి మాత్రం పెట్టక తప్పదు, ఎందుకంటే డబ్బా ఒక్కటి ఏడొందల దాకా ఉంది, పిల్లలు పుస్తకాల సంచి లేకుండా వచ్చే నో బ్యాగ్ డేకి ఏం చేయించాలా అని వెతుక్కునే టీచర్లు బొమ్మ చూసి కొనేసేలా ఉంది.

లోపల ఏముందంటే ముందే కోసిపెట్టిన గుండ్రాలు, త్రిభుజాలు, అలలు, వెనకాల స్టిక్కర్ జిగురు. పీకు, అంటించు, అంతే పని. పావుగంటలో క్లాసంతా ముగించేసి "ఇంకేం చేయాలి సార్" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు, ఏ షీటు చూసినా పక్కవాడి షీటే. అసలు పాటకీ కాగితానికీ సంబంధం కుదిరేది చింపేటప్పుడే కదా! ఆలాపన సాగుతుంటే చెయ్యి కూడా నిదానంగా లాగుతుంది, పొడుగాటి పేలికలు వస్తాయి, డోలు అందుకోగానే ముక్కలు చిన్నవైపోతాయి, అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చింపే పనే డబ్బా తయారుచేసినవాళ్లు చేసేసి పంపితే పిల్లలకి మిగిలిందేంది?

ఇక సూచనల కాగితం. వేగంగా ఉంటే ఎరుపు, నెమ్మదిగా ఉంటే నీలం, సంతోషంగా ఉంటే పసుపు వాడమని రాశారు. ఇది రాసినవాళ్లు పిల్లలతో ఎప్పుడైనా కూర్చున్నారా అని అనుమానం. దాని పక్కన రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ 1913లో వేసిన గళ్లలో గుండ్రాల బొమ్మ అచ్చేశారు. బొమ్మ బాగుంటుంది, కానీ అది కొలాజ్ కాదు, కాగితం మీద రంగులతో చేసుకున్న ప్రయోగం. ఆయన్నే చూపించాలనుకుంటే 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ అనే సంగీతకర్త కచేరీ విని వచ్చి వేసిన బొమ్మ పెట్టాల్సింది, పియానో ఒక పెద్ద నల్లటి ఆకారం, కాన్వాసు మీద సగం దాకా పసుపు, విన్నది రంగుగా ఎలా మారిందో ఎనిమిదో తరగతి పిల్లలకి చూడగానే తెలిసిపోతుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ పుస్తకం 'జాజ్' నుంచి కూడా ఒక బొమ్మ ఉంది. 1947లో వచ్చిన ఆ పుస్తకం పేరు సంగీతానిదే గానీ అందులో ఎక్కువ బొమ్మలు సర్కస్‌వి, ఆ సంగతి వీళ్లు ఎక్కడా చెప్పలేదు. పనికొచ్చే విషయం ఆయన పద్ధతి: కాగితాలకి ముందు రంగు పూయించి పెట్టుకుని, కత్తెరతో నేరుగా ఆకారాలు కోసేవాడు. అదీ రాయలేదు.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే పాటలన్నీ పియానోవే, ఒక్కోటీ నిమిషం. పిల్లలు కాగితం చేతిలోకి తీసుకునేసరికి అయిపోతుంది. మా స్కూల్లో సిగ్నల్ సంగతి మళ్లీ వేరు.

తర్వాతి శనివారం డబ్బా పక్కన పెట్టి షేక్ చినమౌలానా గారి నాదస్వరం పెట్టాను. కరవది మాకు కూతవేటు దూరం, ఆయన పుట్టింది అక్కడే, తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1977లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ సంగతి క్లాసులో ఒక్కరికీ తెలియదు, కరవది నుంచి వచ్చే పిల్లలకి కూడా. సన్నాయి మాత్రం అందరికీ తెలుసు, పెళ్లిళ్లలో వినే ఉంటారు. ఒకమ్మాయి షీటంతా నల్లకాగితం, మెరూన్ శుభలేఖ ముక్కలు అంటించింది. పెళ్లి వాయిద్యానికి నలుపేంటే అని పక్కపిల్ల అడిగితే "అప్పగింతలప్పుడు కూడా ఇదే కదా వాయించేది" అంది. సంతోషమైతే పసుపు అని రాసినాయన ఎక్కడున్నాడో! ఇంకొకడు, ఊపిరి తీసుకునే చోట ఏం అంటించాలి సార్ అని అడిగాడు. నువ్వే చూసుకో అన్నాను, వాడు అక్కడ ఖాళీ వదిలేశాడు, ఆ ఖాళీల వల్లే వాడి షీటు మిగతావాటికంటే బాగుంది.

సరుకు అద్దంకి బస్టాండు వైపు స్టేషనరీ షాపులో విడిగా కొన్నాను, రెండు డబ్బాల ధరలో క్లాసు మొత్తానికి సరిపోయి ఇంకా మిగిలింది. గ్లేజ్ కాగితం ఒకవైపే రంగు కాబట్టి చింపితే అంచున తెల్లగీత వస్తుంది, ఇటు లాగితే ఈ ముక్కకి, అటు లాగితే ఆ ముక్కకి. పిల్లలు అది కనిపెట్టాక కావాలనే వాడుకున్నారు. గాలిపటాల కాగితం ఒకదానిమీద ఒకటి వేస్తే కింది రంగు కనపడుతుంది, చాలా బాగుంటుంది, కానీ జిగురు తడికి రంగు దిగి వేళ్లన్నీ పాడు, యూనిఫాం మీద పడితే ఇంట్లో తన్నులే. దర్జీ దగ్గర అడిగితే గుడ్డముక్కలు సంచెడు ఊరికే ఇచ్చాడు. జిగురుకి ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపితే చాలు. కిట్‌లో వచ్చిన గ్లూ స్టిక్కులు మా ఎండకి మెత్తబడి మూతకే అంటుకుపోయాయి. మైదా ఉడకబెట్టి కూడా చేసుకోవచ్చు, కాకపోతే పోస్టర్లు అంటించేవాళ్లలాగా అందులో మైలుతుత్తం మాత్రం కలపొద్దు, అది విషం, పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఫ్యాను. వేస్తే ముక్కలన్నీ ఎగిరిపోతాయి, ఆపితే ఒంగోలు ఉక్కపోతలో నలభై మంది. వరండాలో చాపలేసి కూర్చోబెడితే కుదిరింది, ముక్కల మీద పుస్తకాలు బరువు పెట్టించాను. చిన్న బ్లూటూత్ స్పీకర్లు నాదస్వరం పైస్థాయికి వెళ్లగానే కీచుమంటాయి, ఎవరిదగ్గరైనా కాస్త పెద్దది అడిగి తెచ్చుకోండి.

ఆ రెండు స్టార్లు దేనికంటే, ఒకటి డబ్బాలో ఉన్న దళసరి తెల్ల షీట్లకి, ఎంత జిగురు పూసినా వంకర పోలేదు. రెండోది కత్తెరలకి. మొన గుండ్రంగా ఉంది, గుడ్డని కూడా కోస్తాయి. విడిగా అమ్మితే అవి మాత్రం కొంటాను.