షార్త్ర్‌కా, లాన్‌కా? పారిస్ నుంచి ఒక్క రోజుకు ఏ చర్చి మేలు

పారిస్‌లో ఒక రోజు మిగిలితే, బయట చిన్న ఊళ్లో పాతకాలపు గోతిక్ (మొనదేలిన కమానుల శైలి) చర్చి చూడటానికి షార్త్ర్‌కు వెళ్లాలా, లాన్‌కు వెళ్లాలా? ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. రెండింటికీ ప్రవేశ రుసుము లేదు. రెండూ పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలోనే ఉన్నాయి. కాబట్టి ఖర్చును బట్టీ దూరాన్ని బట్టీ తేల్చుకోకండి. తేల్చాల్సింది వెలుగు.

లాన్ చర్చి కట్టడం 1150ల చివర్లో మొదలైంది. గోడ నాలుగు అంతస్తులుగా లేస్తుంది, కప్పు ఎత్తు 24 మీటర్లు. రెండో అంతస్తంతా నడవలాంటి గ్యాలరీ కావడంతో పై కిటికీలకు చోటు తక్కువ. షార్త్ర్‌లో 1194 అగ్నిప్రమాదం తర్వాత కట్టినవాళ్లు ఆ గ్యాలరీనే తీసేశారు. గోడకు బయటినుంచి దన్నుగా నిలిచే వాలు కమానులు బరువు మోస్తుంటే, మిగిలిన జాగా కిటికీలకు దక్కింది. కప్పు 37 మీటర్లకు పెరిగింది. లోపల దాదాపు 2,600 చదరపు మీటర్ల రంగుటద్దం ఉంది, అందులో ఎక్కువ భాగం 12, 13 శతాబ్దాల నాటిదే. ఇంత పాత అద్దం ఇంత మొత్తంలో ఒక్కచోట దొరకడం అరుదు. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు షార్త్ర్‌కే.

అయితే వేళ తప్పితే సగం పోతుంది. ఈ చర్చి నేరుగా తూర్పుకు కాకుండా ఈశాన్యానికి తిరిగి ఉంటుంది. పేరుకు దక్షిణపు గోడ, నిజానికి ఆగ్నేయం చూస్తుంది. పడమటి ముఖమేమో నైరుతి. పొద్దున ఎండ దక్షిణపు కిటికీల మీద సూటిగా పడినప్పుడు నీలం పొంగి బొమ్మల అంచులు చెదిరిపోతాయి. చూడటానికి బాగుంటుంది కానీ కథ చదవలేం. పదకొండు ప్రాంతంలో చేరి, లోపలికి వెళ్లగానే ఫోన్ తీయకుండా పది నిమిషాలు కుర్చీలో కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. మధ్యాహ్నం ఎండ ఆ గోడను దాటాక దక్షిణపు పక్క నడవలో, బైబిల్లోని మంచి సమరయుని కథ చెప్పే కిటికీ దగ్గర నిలబడండి. అడుగున చెప్పులు కుట్టేవాళ్లు పనిలో ఉంటారు, ఆ కిటికీ ఇచ్చింది వాళ్లేనంటారు. కథ అక్కడినుంచి పైకి సాగుతుంది: దొంగలు, దెబ్బలు తిన్న మనిషి, సత్రం, ఆపైన ఆదాము హవ్వలు. పైనుంచి చదవడం మొదలుపెడితే ఏమీ అర్థం కాదు. మెదక్ చర్చి కిటికీల్లో ఒక్కోదానిలో ఒక్కో పెద్ద ఘట్టం కనిపిస్తుంది, ఇక్కడ ఒక్క కిటికీలోనే ఇరవైకి పైగా బొమ్మలు. బైనాక్యులర్ లేకపోతే పై సగం వదులుకోవాల్సిందే. మూడు దాటాక పడమటి వైపుకు తిరగండి, అగ్నిప్రమాదాన్ని తట్టుకున్న మూడు పొడవాటి కిటికీలు అప్పుడే వెలుగుతాయి. చలికాలంలో పొద్దు త్వరగా వాలుతుంది కాబట్టి దీన్నంతా గంట ముందుకు జరుపుకోండి.

ఒక ఫిర్యాదు ఉంది. 2009లో మొదలైన శుభ్రపరిచే పనితో లోపలి గోడలు మీగడ రంగుకు వచ్చాయి. గోడల వెలుగు పెరిగి అద్దం లోతు తగ్గిందని కొందరి బాధ, అది పూర్తిగా అబద్ధం కాదు. నేల మీది చుట్టుదారి, అంటే సుమారు 13 మీటర్ల వెడల్పున్న లాబిరింత్, నడవాలంటే లెంట్ (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) నుంచి నవంబర్ 1 లోపు శుక్రవారం వెళ్లాలి. మిగతా రోజుల్లో దాని మీద కుర్చీలుంటాయి.

లాన్ రాతి ప్రేమికులది. ఐదు గోపురాలు, పడమటి గోపురాల కొసల నుంచి తొంగిచూసే రాతి ఎడ్లు. కొండ మీదికి రాళ్లు లాగిన ఎడ్లకు గుర్తుగా పెట్టారంటారు. జనం తక్కువ. గోతిక్ కట్టడం ఎలా నిలబడిందో తెలుసుకోవాలంటే ఇదే మంచి బడి, కానీ షార్త్ర్ చూశాక వెళితేనే ఎక్కువ అర్థమవుతుంది. తూర్పు గోడలోని గులాబీ కిటికీ (పువ్వులా గుండ్రంగా ఉండే పెద్ద కిటికీ) కోసం పొద్దున్నే చేరాలి.

పారిస్ దగ్గరే ఉన్న మరో ఊరు బోవే చర్చి సంగతి: 48 మీటర్ల కప్పు, నడిమి శాల అసలు కట్టనే లేదు. మీ విమానం బోవే నుంచే ఉంటే రెండు గంటలు కేటాయించండి, లేకపోతే వద్దు.

షార్త్ర్ రైలు పారిస్‌లోని మోంపార్నాస్ స్టేషన్ నుంచి, గంటకు కాస్త పైన, దిగాక పది నిమిషాల నడక. లాన్ రైలు పారిస్‌లోనే గార్ ద్యు నోర్ స్టేషన్ నుంచి, గంటన్నర పైనే. లాన్‌లో స్టేషన్ కింద, చర్చి వంద మీటర్ల ఎత్తు కొండ మీద. పైకి తీసుకెళ్లే కేబుల్ బండి 2016లో ఆగిపోయింది, ఇప్పుడు బస్సు లేదా మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళితే బస్సు వేళ, తిరుగు రైలు వేళ ముందే రాసుకోండి. టికెట్ కౌంటర్లో మాత్రం ‘లాన్’ అంటే అర్థం కాకపోవచ్చు, ‘లాఁ’ అనాలి.