మూడు జతల ఇయర్‌ఫోన్లు, నా ఎడమ చెవి

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరి ఒక చిన్న మొబైల్ దుకాణంలో కొన్న మూడు రకాల ఇయర్‌ఫోన్లను రెండు నెలలుగా మార్చి మార్చి వాడుతున్నాను. మొదటిది వెయ్యి రూపాయల లోపు దొరికే మామూలు వైరు జత. అందులో ఒక్కో వైపు 10 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవరు, అంటే పొర కదిలి ధ్వని పుట్టించే బుల్లి స్పీకరు, ఒక్కటే ఉంటుంది. రెండవదాని ధర ఇంచుమించు మూడింతలు. అందులో మంద్ర స్వరాలకు డైనమిక్ డ్రైవరు, తార స్వరాలకు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచరు అనే మరో రకం బుల్లి స్పీకరు విడివిడిగా ఉంటాయి. వైరును చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకోవాలి. మూడవది బయటి రొదను తగ్గించే వైర్‌లెస్ బడ్స్. ఈ ధరల్లో మోడళ్లు తరచూ మారిపోతుంటాయి కాబట్టి కంపెనీల పేర్లు రాయడం లేదు.

పరీక్షకు ఎంచుకున్నవి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత వయొలిన్ రికార్డులు. 1919లో మా ఊళ్లో మొదలైన సంగీత కళాశాలలో ఆయన పాఠం చెప్పారన్న అభిమానం ఒక కారణమైతే, అవి మోనో రికార్డింగులు కావడం అసలు కారణం. మోనోలో రెండు చెవులకూ ఒకే ధ్వని చేరుతుంది కనుక వయొలిన్ నాదం తల మధ్యన నిలిచినట్టు వినిపించాలి.

ఖరీదైన రెండవ జతలో అది కుడివైపుకు ఒరిగింది. మృదంగం నాదం పీలగా, తగరపు డబ్బా మీద కొట్టినట్టుగా వినిపించింది. డబ్బు దండగైందని బాధపడి, అనుమానం తీరక మొదటి జతను కుడి ఎడమలు మార్చి పెట్టుకుని చూశాను. అప్పుడు కూడా నాదం కుడివైపుకే ఒరిగింది. అంటే తప్పు పరికరంలో లేదు, నా ఎడమ చెవి రంధ్రం కుడిదానికంటే కొంచెం పెద్దదన్నమాట. ఇయర్‌ఫోన్ కొసకు తొడిగే మెత్తని టిప్ చెవిని పూర్తిగా మూయకపోతే ముందుగా జారిపోయేది బేస్, అంటే మంద్ర స్వరాలు. ట్రెబుల్, అంటే తార స్వరాలు మాత్రం మిగిలి చెవిలో గుచ్చుతాయి. ఎడమకు పెద్ద సైజు, కుడికి మధ్య సైజు టిప్ వేశాక రెండవ జత మాట మార్చింది. కమాను తీగను తాకే తొలి క్షణం, దానితోపాటే పాత రికార్డు గీరుడు కూడా స్పష్టంగా వినిపించాయి. మొదటి జతలో బేస్ ఎక్కువ కావడంతో ఆ సన్నని వివరాలు కప్పబడిపోతాయి, అయితే సినిమా పాటలకు ఆ నిండుతనం బాగానే ఉంటుంది.

సౌకర్యంలో లెక్క తారుమారవుతుంది. రెండవదాని గట్టి ప్లాస్టిక్ గంట దాటాక చెవి దొప్పను నొక్కుతుంది, కళ్లజోడు కాడతో దాని వైరుకు నిత్యం తగువే. తేలికైన మొదటి జత చెవిలో ఉన్నట్టే తెలియదు కానీ, నడిచేటప్పుడు దాని వైరు చొక్కాకు రాసుకుని ఆ చప్పుడు నేరుగా లోపలికి వస్తుంది. మే నెల చెమటకు సిలికాన్ టిప్ ఏదైనా జారుతుంది. నురుగు టిప్స్‌ను వేళ్లతో నలిపి పెట్టుకుంటే అవి లోపల విచ్చుకుని గట్టిగా నిలుస్తాయి, కానీ కొన్ని నెలలకే సాగిపోతాయి. పైగా చెవి బాగా మూసుకుంటే మన నమిలే చప్పుడు మనకే పెద్దగా వినిపిస్తుంది. జంతికలు తింటూ సంగీతం వినే అలవాటు నేను మానుకోవలసి వచ్చింది.

శ్రీకాకుళం రోడ్ స్టేషను దాకా వెళ్లే ప్యాసింజరులో మాత్రం వైర్‌లెస్ బడ్స్‌దే పైచేయి. బయటి ధ్వనికి ఎదురు తరంగాన్ని పుట్టించి దాన్ని అణచడం వాటి పద్ధతి. అందుకే ఎడతెగని చక్రాల హోరు తగ్గిపోతుంది, పల్లీలమ్మే మనిషి కేక మాత్రం అలాగే వస్తుంది. హోరు తగ్గడం వల్ల వాల్యూమ్ పెంచనక్కర లేకపోవడం నాకు ధ్వని నాణ్యత కంటే పెద్ద లాభంగా కనిపించింది, ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు 80 డెసిబెళ్ల వద్ద వారానికి 40 గంటలే. ఈ ఏర్పాటు కూడా టిప్ సరిగ్గా మూసుకుంటేనే పనిచేస్తుంది. నేను కొన్నదానిలో మరో చిక్కుంది: నురుగు టిప్స్ వేస్తే ఛార్జింగ్ పెట్టె మూత పడదు. అందుకని ప్రయాణాలకు దాన్ని సిలికాన్ టిప్స్‌తోనే వాడుతున్నాను; నురుగు టిప్స్‌ను రాత్రిపూట ఇంట్లో వినే రెండవ జతకు వేశాను.