ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాక సిస్టమ్ బూట్ కావట్లేదా: సీమాస్ క్లియరా, ఒక్క ర్యామ్ స్టిక్‌తో ప్రయత్నమా?

ఎక్స్‌ఎంపీ అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపే బయోస్ సెట్టింగ్. సీమాస్ క్లియర్ అంటే బయోస్ సెట్టింగ్‌లన్నీ మొదటి స్థితికి తేవడం. ముందు ఒక మాట. మీది డీడీఆర్5 (కొత్త తరం) ర్యామ్ అయితే కంగారుపడి పవర్ తీసేయకండి. సెట్టింగ్ మారాక మెమరీ ట్రైనింగ్‌కి (బోర్డు ఆ ర్యామ్‌కి సరిపడే టైమింగ్‌లు వెతుక్కోవడానికి) కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పది, పదిహేను నిమిషాలు ఆగినా అంతేనా? అప్పుడు ఈ రెండు దారులు.

ఖర్చు: రెండింటికీ లేదు.

శ్రమ: సీమాస్ క్లియర్‌కి పవర్ కేబుల్ తీసి, బోర్డు మాన్యువల్‌లో చూపిన రెండు పిన్నులను కొన్ని సెకన్లు కలిపితే చాలు. పిన్నులు దొరక్కపోతే బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని కాసేపు తీసి పెట్టండి. స్టిక్‌లు తీయడం మాత్రం పెద్ద కూలర్ అడ్డొస్తే నిజంగా విసిగిస్తుంది.

రిస్క్: క్లియర్ చేస్తే ఫ్యాన్ సెట్టింగ్‌లు, బూట్ ఆర్డర్ పోతాయి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే రికవరీ కీ అడగవచ్చు, అది ముందే చేతిలో ఉంచుకోండి. దీన్ని చాలామంది మరిచిపోయి ఇబ్బంది పడతారు. స్టిక్‌లు తీసేటప్పుడు భయం స్టాటిక్ కరెంటు గురించే.

తెలిసేది: క్లియర్ సిస్టమ్‌ని లేపుతుంది, కారణం చెప్పదు. ఒక్కో స్టిక్‌ని మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో పెట్టి చూస్తే చెడ్డది దొరుకుతుంది.

నిన్నటిదాకా నడిచి, ఎక్స్‌ఎంపీ పెట్టగానే ఆగిందంటే సీమాస్ క్లియర్ చేయండి. తర్వాత ర్యామ్ వేగం ఒక మెట్టు తగ్గించి పెట్టుకోండి. క్లియర్ చేసినా లేవకపోతే, లేదా కొత్తగా ర్యామ్ కలిపి ఉంటే, స్టిక్‌లు ఒక్కొక్కటిగా చూడాల్సిందే.