బ్రిటన్ రైల్‌కార్డు: వారాంతపు చిన్న ఊళ్లకి 35 పౌండ్లు గిట్టుబాటేనా?

నెల్లూరు, ఒంగోలు నుంచి చదువులకి ఇంగ్లండ్ వెళ్లే పిల్లల సూట్‌కేసులో గొడుగు తప్పకుండా ఉంటుంది. నిజానికి లండన్‌లో ఏడాదికి పడేది 600 మిల్లీమీటర్ల చిల్లర. నెల్లూరులో 1,000 దాటుతుంది. కాకపోతే మన వాన అక్టోబరు, డిసెంబరు మధ్య మూడు నాలుగు వాయుగుండాల్లో కుమ్మరించేసి పోతుంది. అక్కడిది ఏడాది పొడుగునా కొసరి కొసరి కురిసే తుంపర. పడమటి కొండల్లో లెక్క వేరు. లేక్ డిస్ట్రిక్ట్‌లోని సీత్‌వెయిట్ అనే పల్లెలో 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది. వాన తగ్గాక పోదాంలే అనుకుంటే మాస్టర్స్ అయిపోతుంది గానీ ఊళ్లు చూడటం అవదు.

అందుకే వానతో పనిలేకుండా తిరగాలి, దానికి ముందు కొనాల్సింది రైలు టికెట్ల మీద తగ్గింపు ఇచ్చే రైల్‌కార్డు. 16–25 ఏళ్లవాళ్ల కార్డు 2025 మార్చి దాకా 30 పౌండ్లు ఉండేది, ఇప్పుడు 35. టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. అంటే ఏడాదిలో 105 పౌండ్ల టికెట్లు కొంటే కార్డు డబ్బు తిరిగొచ్చేసినట్టే, ఆ పైనంతా మిగులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 10 లోపు ప్రయాణిస్తే తగ్గింపు తర్వాత ధర 12 పౌండ్ల కిందికి పోనివ్వని కనీస ఛార్జీ నిబంధన ఒకటుంది (జులై, ఆగస్టుల్లో అదీ లేదు). శని ఆదివారాల్లో దాని ఊసే ఉండదు. 26వ పుట్టినరోజుకి ముందురోజు వరకూ కొనుక్కోవచ్చు, కొన్నాక ఏడాది చెల్లుతుంది. ఆ వయసు దాటినవాళ్లకి 26–30 కార్డు వేరే ఉంది. లండన్‌లో ఉండేవాళ్లు స్టేషన్ సిబ్బంది చేత దీన్ని అక్కడి లోకల్ ప్రయాణాలకి వాడే ఆయిస్టర్ కార్డుకి కలిపించుకోవాలి, రద్దీ లేని వేళల్లో అక్కడా మూడో వంతు తగ్గుతుంది. బ్యాంకు కార్డు తాకిస్తే తగ్గదు. చాలామంది వదులుకునేది ఇక్కడే.

డబ్బు ఎక్కువగా పోయేది టికెట్ రకం తెలియక. ఆఫ్‌పీక్ (రద్దీ లేని వేళల) టికెట్ మన జనరల్ టికెట్ లాంటిది, ఆ వేళల్లో ఆ దారిలో పోయే ఏ బండైనా ఎక్కొచ్చు. శని ఆదివారాలు దాదాపు రోజంతా ఆఫ్‌పీకే. అడ్వాన్స్ టికెట్ చవక, కానీ ఆ ఒక్క బండికే చెల్లుతుంది. మీ ఆలస్యం వల్ల తప్పిపోతే కొత్త టికెట్ కొనాల్సిందే. వాన రోజున అడ్వాన్స్‌లో వెళ్లి ఆఫ్‌పీక్‌లో తిరిగి రావడం నయం: తడిసిపోతే మధ్యాహ్నమే వచ్చేయొచ్చు, ఆకాశం తెరిపిస్తే సాయంత్రం దాకా ఉండొచ్చు. అయితే కొనేముందు ఆఫ్‌పీక్ రిటర్న్ ధర కూడా చూడండి, చాలా దారుల్లో సింగిల్ కంటే కాస్తే ఎక్కువ ఉంటుంది. బుకింగ్ ఫీజు వేసే యాప్‌లతో పనిలేదు. రైలు కంపెనీల సొంత సైట్లలో ఏ కంపెనీ టికెట్ అయినా ఫీజు లేకుండా దొరుకుతుంది.

కార్డు ఫోన్‌లో ఉంటే ఛార్జింగ్ మీ పూచీ. ఫోన్ ఆరిపోయి కార్డు చూపించలేకపోతే డిస్కౌంట్ లేనట్టే లెక్క, ఆ బండిలోనే మళ్లీ టికెట్ తీయాల్సి రావచ్చు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. పవర్ బ్యాంకు గొడుగు కంటే ముఖ్యం.

ఈ సర్వీసులో అసలు బలహీనత ఆదివారం. ట్రాక్ మరమ్మతులు ఎక్కువగా వారాంతాల్లోనే పెడతారు, బండి బదులు బస్సు ఎక్కిస్తారు. టికెట్ అదే చెల్లుతుంది గానీ గంట దూరానికి రెండు గంటలు పట్టొచ్చు. పైగా చాలా కంపెనీల్లో ఆదివారం డ్యూటీ ఓవర్‌టైం కింద నడుస్తుంది, డ్రైవర్లు ముందుకు రాకపోతే బండ్లు రద్దవుతాయి. మొదటి బండి కూడా ఆలస్యంగా మొదలవుతుంది. కాబట్టి పగటి ప్రయాణం శనివారం పెట్టుకోండి. శుక్రవారం రాత్రి నేషనల్ రైల్ సైట్‌లో ఒకసారి చూసుకోండి. తిరుగు ప్రయాణానికి ఎప్పుడూ ఆఖరి బండికి ముందు బండి.

ఇక మూడు ఊళ్లు. ఉత్తర వేల్స్‌లో కాన్వీ మొదటి ఎంపిక. చెస్టర్ నుంచి సుమారు గంట. మొదటి ఎడ్వర్డ్ రాజు 1283లో మొదలుపెట్టిన కోట, ఊరి చుట్టూ 1.3 కిలోమీటర్ల ప్రాకారం. ప్రాకారం మీద నడక ఉచితం, కోటకి టికెట్. తడిస్తే ఆ రాతి మెట్లు జారతాయి, పట్టు లేని చెప్పులతో ఎక్కొద్దు. వేల్స్‌లో కొన్ని చిన్న స్టేషన్లు రిక్వెస్ట్ స్టాప్‌లు: దిగాలంటే ముందే గార్డుకి చెప్పాలి, ఎక్కాలంటే ప్లాట్‌ఫాం మీద చెయ్యెత్తాలి. ఎత్తకపోతే బండి ఆగకుండా పోతుంది.

లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్ కొండల మధ్య ఊరు, అందంలో దీన్ని మించింది ఈ మూడింటిలో లేదు. కానీ రైలు లేదు, 1972లోనే ఆ లైను మూసేశారు. పెన్రిత్ స్టేషన్‌లో దిగి ఎక్స్4 గానీ ఎక్స్5 గానీ బస్సు పట్టుకోవాలి, ముప్పావు గంట. దానికి రైల్‌కార్డు చెల్లదు గానీ ఇంగ్లండ్‌లో 2025 నుంచి చాలా బస్సుల్లో సింగిల్ టికెట్ 3 పౌండ్లు మించదు. ఇది వానల నడుమ ఊరు, ఒక్క పూటకి వెళ్లొద్దు. లండన్ వాళ్లకి సులువైంది రై అనే చిన్న ఊరు. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి హైస్పీడ్ బండిలో ఆష్‌ఫర్డ్, అక్కడ బండి మారాలి. చూడ్డానికి ఒక పూట చాలు.

తిండి సంగతి ముందే చూసుకోవాలి. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలాచోట్ల వంటగది మూసేస్తారు. ‘ఇండియన్’ బోర్డు కనిపించినా చాలావాటికి తలుపు తెరిచేది సాయంత్రం ఐదు తర్వాతే, లోపల చేపల పులుసు వెతక్కండి. పులిహోర డబ్బా పట్టుకెళ్తే రైల్లోనే తినొచ్చు, ఎవరూ ఏమనరు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, అందుకని చలికాలం పొద్దున బండి తప్పితే ఆ రోజు వదిలేయడమే మంచిది.

గొడుగు గాలికి తిరగబడుతుంది. కుట్లకి లోపల టేపు వేసిన, టోపీ ఉన్న జాకెట్ కావాలి. దాన్ని మామూలు సబ్బు పొడితో ఉతికితే పై పూత పనిచేయదు, నీళ్లు జారకుండా గుడ్డలోకి ఇంకుతాయి. జీన్స్ తడిస్తే సాయంత్రానికీ ఆరదు. సంచిలో ఒక జత పొడి సాక్సులు చాలు, సగం బాధ తీరుతుంది.

అమ్మానాన్నలు చూడ్డానికి వస్తే ఇద్దరికీ చెరొక సీనియర్ కార్డు కొనొద్దు. అవి 60 నిండినవాళ్లకే, రెండూ కలిపి 70 పౌండ్లు. టూ టుగెదర్ కార్డు ఇద్దరికీ కలిపి 35, పై వయసు పరిమితి లేదు. ఇద్దరూ కలిసి ప్రయాణిస్తేనే చెల్లుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున తొమ్మిదిన్నర లోపు పనికిరాదు. బండి ఆలస్యమైతే డిలే రిపే కింద డబ్బు అడగొచ్చు, చాలా కంపెనీలు 15 నిమిషాల నుంచే ఇస్తాయి, గంట దాటితే ఆ వైపు ఛార్జీ మొత్తం. గడువు 28 రోజులు, టికెట్ పారేయకండి.