నాలుగేళ్లుగా మా ట్రైలర్ వెంట తిరుగుతున్న జనరేటర్

2021 డిసెంబరులో కొన్నాను. అప్పటికి బెంగళూరు పీణ్యలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపు వాళ్లు మా క్యాంపింగ్ ట్రైలర్ (బండి వెనక తగిలించుకుని వెళ్లి, లోపల పడుకునే చిన్న గది) చేసిచ్చి నెల రోజులైంది. రామ్మూర్తి నగర్ నుంచి గండికోట, హార్స్‌లీ హిల్స్, సకలేశ్‌పుర, ఒకసారి ఊటీ. ఏడాదికి పది పన్నెండు రాత్రులు బయట గడుపుతాం. నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క ప్రకారం జనరేటర్ ఇప్పటిదాకా 310 గంటలు నడిచింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయేవి ఈ సైజు పెట్రోలు ఇన్వర్టర్ జనరేటర్లన్నిటికీ కొంచెం అటూ ఇటూగా వర్తిస్తాయి.

ముందు ఒక మాట. మీ ట్రైలర్‌లో ఏసీ లేకపోతే జనరేటర్ జోలికి పోకండి. లైట్లు, ఫ్యాను, ఫోన్లు, లాప్‌టాప్, 12 వోల్టుల చిన్న ఫ్రిజ్, అన్నీ కలిపినా 150 వాట్లు దాటవు. ఒక మంచి లిథియం బ్యాటరీ, పైకప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్లు ఉంటే సరిపోతుంది. వంటకు ఎలాగూ గ్యాస్ పొయ్యి ఉంటుంది. అరలీటరు పెట్రోలు కాల్చి ఇండక్షన్ మీద అన్నం వండుకోవడం కంటే దండగ ఇంకోటి లేదు.

మాకు ఏసీ ఉంది. గండికోటలో ఏప్రిల్ నెల, పెన్నా లోయ పక్కన, రేకు పెట్టెలో ఇద్దరు పిల్లలతో పడుకుంటే అది ఎందుకో తెలుస్తుంది.

నేను చేసిన మొదటి తప్పు కూడా ఆ ఏసీ దగ్గరే. జనరేటర్ అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో 2.2 కేవీఏ (సుమారు 2200 వాట్లు అనుకోండి) అని ఉంది. మా ఒక టన్ను విండో ఏసీ తినేది 1200 వాట్లు. ఇంకా బోలెడు మిగులుతుంది కదా అనుకున్నాను. అసలు సంగతేమిటంటే ఆ 2.2 అనేది కొద్ది నిమిషాలు మాత్రమే ఇవ్వగలిగేది. నిలకడగా ఇచ్చేది 1.8. అది కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైగా పాతరకం కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది. గండికోటలో మొదటి రాత్రి జరిగింది ఇదే. ఫ్యాను తిరిగింది, చల్లగాలి వస్తుందని పిల్లలు దాని ముందు కూర్చున్నారు, మూడు నిమిషాలకు కంప్రెసర్ "డుగ్" మంది, బయట ఇంజను ఒక్కసారి మూలిగింది, ఎర్ర లైటు వెలిగింది, కరెంటు పోయింది. మళ్లీ రీసెట్, మళ్లీ "డుగ్". ఐదోసారికి మా ఆవిడ తలుపులు తెరిచేసి, "ఏమండీ, ఇక దాన్ని వదిలేయండి, దోమతెర కడదాం" అంది.

తిరిగొచ్చాక ఆ ఏసీ అమ్మేసి ఒక టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ పెట్టించాను. దాని అవుట్‌డోర్ యూనిట్ ట్రైలర్ ముందు, బండికి తగిలించే హిచ్ పైన కూర్చుంటుంది. ఇది నెమ్మదిగా వేగం అందుకునే రకం, మొదట్లో ఆ కుదుపు ఉండదు. 900 వాట్ల దాకా వెళ్లి, గది చల్లబడ్డాక 500 దగ్గర నిలబడుతుంది. అప్పటి నుంచి ఎర్ర లైటు ఏసీ వల్ల వెలగలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. జనరేటర్ మీద ఎకో అనే స్విచ్ ఉంటుంది, లోడు తక్కువైతే ఇంజను వేగం తగ్గించేది. పెద్ద లోడు వేసే ముందు దాన్ని ఆపేయాలి. నిద్రలో ఉన్నవాణ్ణి లేపి మూట ఎత్తమంటే ఎత్తలేడు కదా, అలాగే. ఏసీ కుదురుకున్నాక మళ్లీ ఎకో వేసుకోవచ్చు.

అసలు ఇన్వర్టర్ జనరేటరే ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. పెళ్లి పందిళ్ల దగ్గర చూసే మామూలు రకం 50 హెర్ట్జ్ కరెంటు ఇవ్వాలంటే ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూనే ఉండాలి, ఒక్క బల్బు వెలిగించినా సరే. ఇన్వర్టర్ రకంలో పుట్టిన కరెంటు ముందు డీసీగా మారి, తర్వాత ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇళ్లలో వచ్చేలాంటి 230 వోల్టుల శుభ్రమైన ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటుగా వస్తుంది. కాబట్టి ఇంజను ఎంత నెమ్మదిగా తిరిగినా పర్వాలేదు. పెట్రోలు మిగులుతుంది, చప్పుడు తగ్గుతుంది. మా యంత్రం బరువు 21 కిలోలు, ఒక్కణ్ణే ఎత్తగలను. నేను కొన్నప్పుడు ఖరీదు మాత్రం లక్షకు కాస్త తక్కువ. దానికి సగం ధరకే ఇంతకంటే ఎక్కువ శక్తి ఉన్న మామూలు రకం వచ్చేది. ఒక స్నేహితుడు అదే కొన్నాడు. సకలేశ్‌పురలో ఒక కాఫీ తోటలో మేమిద్దరం పక్కపక్కన ఆగిన రాత్రి, తోట యజమాని వచ్చి చాలా మర్యాదగా అతణ్ణి ఆపేయమన్నాడు. మాది నడుస్తోందని ఆయన గమనించనేలేదు.

అలాగని మాది నిశ్శబ్దంగా ఉంటుందని కాదు. ఏడు మీటర్ల దూరంలో, తక్కువ లోడు మీద, ఇద్దరు మనుషులు మాట్లాడుకునేంత చప్పుడు. పూర్తి లోడు మీద మా ఆవిడ భాషలో పిండి మర. మన శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా, నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ పరిమితి. చుట్టూ ఇళ్లు లేని చోట కూడా మేము ఆ వేళలే పాటిస్తున్నాం. మొదటి ఏడాది రాత్రంతా నడిపేవాళ్లం. తొమ్మిదిన్నరకు 3.6 లీటర్ల ట్యాంకు నింపి పడుకుంటే, సరిగ్గా నిద్ర పట్టే తెల్లవారుజామున నాలుగింటికి పెట్రోలు అయిపోయేది. చీకట్లో టార్చి నోట్లో పెట్టుకుని గరాటుతో పోయడం, చేతులకు ఆ వాసన. తర్వాత 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ పెట్టించాను. ఇప్పుడు సాయంత్రం ఆరు నుంచి పది దాకా జనరేటర్ ఏసీనీ నడిపి, బ్యాటరీనీ దాదాపు నింపేస్తుంది. పది తర్వాత ఏసీ బ్యాటరీ మీద ఒక నాలుగు గంటలు లాగుతుంది. రెండింటికి బయట ఎలాగూ చల్లబడుతుంది. జనరేటర్, బ్యాటరీ రెండింట్లో ఏది అని కొట్టుకునేవాళ్లు ఈ రెండూ కలిస్తే ఎంత హాయో చూడలేదు.

ఊటీ సంగతి చెప్పాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజను శక్తి తగ్గుతుంది, ప్రతి 300 మీటర్లకు సుమారు 3.5 శాతం చొప్పున. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది కాబట్టి మన ఇంటి దగ్గరే పదో వంతు పోయినట్టు. ఊటీ 2240 మీటర్లు, అక్కడికి పావు వంతు హరీ. అక్కడ ఏసీ ఎవరికి కావాలి అని నేనూ అనుకున్నాను. కానీ పొద్దున్నే మా అత్తయ్యగారు స్నానానికి నీళ్లు కాచుకుందామని 1500 వాట్ల కెటిల్ పెట్టారు. ఎర్ర లైటు. "కెటిల్‌కే చాలని దాన్ని ఇంత దూరం మోసుకొచ్చావా నాయనా?" అన్నారు. సమాధానం నా దగ్గర లేదు.

ఇక అసలు కథ కార్బురేటర్‌ది, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగానిది. 2023 జూన్‌లో ఒక ట్రిప్పు నుంచి వచ్చి, ట్యాంకులో పెట్రోలు అలాగే ఉంచి బాల్కనీలో పెట్టేశాను. వానలు, పిల్లల పరీక్షలు, ఇంకేవో. దసరాకి హార్స్‌లీ హిల్స్ వెళదామని ముందురోజు రాత్రి తీస్తే స్టార్ట్ కాలేదు. తాడు లాగి లాగి భుజం పట్టేసింది. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే కార్బురేటర్ మొత్తం మార్చాలి, పార్టు రావడానికి పది రోజులు, ఆరేడు వేలవుతుంది అన్నారు. పొద్దున్నే కేఆర్ పురంలో మా స్కూటర్ చూసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. చిత్తూరు జిల్లా అబ్బాయి. నాలుగు స్క్రూలు విప్పి, కార్బురేటర్ కింది గిన్నె తీసి నా చేతిలో పెట్టాడు. అడుగున తేనె రంగులో జిగురు, గోటితో గీకితే సాగుతోంది. "చూడు సార్, బెల్లం పాకం" అన్నాడు. పెట్రోలు వెళ్లే సన్న గొట్టం, జెట్ అంటారు, దాన్ని పైకెత్తి వెలుతురుకేసి పట్టుకున్నాడు. సూది మొన పట్టేంత రంధ్రం, అవతల వెలుతురు కనబడలేదు. కరెంటు వైరు ఒకటి తుంచి, అందులోంచి ఒక్క రాగి పోగు లాగి, అందులో గుచ్చి తిప్పి, నోటితో ఊదాడు. మళ్లీ పైకెత్తితే చుక్కంత వెలుతురు. మూడు వందలు తీసుకున్నాడు. రెండోసారి తాడు లాగితే అందుకుంది.

ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ ఈ20 అమ్మకాన్ని దేశంలో మొదలుపెట్టింది కూడా మన బెంగళూరులోనే, 2023 ఫిబ్రవరిలో. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి అది పట్టదు, ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది. నెలల తరబడి కూర్చునే చిన్న ఇంజనుకు అదే జబ్బు. అందుకే ఇప్పుడు ప్రతి ట్రిప్పు చివరి రోజు పెట్రోలు నాబ్ మూసేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడుపుతాను. ట్యాంకులో మిగిలింది స్కూటర్‌లో పోస్తాను. రెండేళ్లుగా మళ్లీ ఆ బాధ లేదు. కొత్తగా కొనేవాళ్లు షాపులో వాట్ల గురించి నాలుగు ప్రశ్నలు అడిగితే, కార్బురేటర్ ఖాళీ చేసే స్క్రూ ఎక్కడుంది, చేతికి అందుతుందా అని ఒక ప్రశ్న అడగండి. కొన్ని మోడళ్లలో దాన్ని చేరడానికి సగం డబ్బా విప్పాలి.

ఆయిల్ తక్కువైతే ఇంజనును ఆపేసే సెన్సర్ ఒకటి ఉంటుంది. మంచిదే, కానీ వాలు నేల మీద పెడితే ఆయిల్ ఒక పక్కకు చేరి, నిండుగా ఉన్నా ఆపేస్తుంది. ఇది తెలియక సకలేశ్‌పురలో ఒక సాయంత్రమంతా పాడైంది. ఇప్పుడు కింద ఒక చదును పలక పెడతాను. ఆయిల్ మార్పు మొదటిసారి 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి వంద గంటలకు. అర లీటరు కూడా పట్టదు, సొంతంగా చేసుకోవచ్చు.

ఇంకో టెన్షన్ ఎర్తింగ్‌ది. మొదటిరోజు ట్రైలర్ ప్లగ్గులో టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ మసకగా వెలిగింది. యంత్రం పాడైందనుకున్నాను. ఈ జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌తో కలిసి ఉండదు, అందుకే అలా వెలుగుతుంది. చిక్కేమిటంటే అలా ఉన్నప్పుడు ట్రైలర్‌లోని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఆపదవేళ పడిపోకపోవచ్చు. ఎస్పీ రోడ్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ మాన్యువల్ చూసి, రెండింటినీ కలిపే ఒక ప్లగ్గు చేసిచ్చాడు. అది జనరేటర్‌కు మాత్రమే, ఇంటి కరెంటుకు ఎప్పుడూ వాడొద్దని దాని మీద ఎర్ర టేపు చుట్టాడు. ఇది సొంతంగా చేసుకునే పని కాదు.

పొగ గురించి మాత్రం కఠినంగానే చెబుతాను. అందులో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ట్రైలర్‌కు ఆరు మీటర్లకు తగ్గకుండా, పొగగొట్టం అవతలికి తిప్పి పెట్టాలి. నేను 15 మీటర్ల కేబుల్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, కొనుక్కున్నాను. అయినా హార్స్‌లీ హిల్స్‌లో ఒక రాత్రి గాలి దిశ మారి, లోపల ఆ వాయువును పసిగట్టే అలారం మోగింది. అందరం దుప్పట్లతో సహా బయటికొచ్చి, తలుపులన్నీ తెరిచి, అరగంట చలిలో నిలబడ్డాం. ఆ అలారం లేకుండా జనరేటర్ వేసుకుని పడుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. వాన పడుతోంది కదా అని గుడారం కింద, ట్రైలర్ ముందు డిక్కీలో పెట్టి నడిపేవాళ్లనూ చూశాను.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే సైజు కొంటాను. 3 కేవీఏది ఒకసారి ఎత్తి చూశాను, నడుము ఒప్పుకోలేదు.

ట్రిప్పులు లేని నెలల్లో ఒక ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ గేటు బయటికి తెచ్చి, అర లీటరు పోసి ఇరవై నిమిషాలు నడుపుతాను. ఉత్తినే నడిపితే లాభం లేదు, లోడు ఉండాలి. అందుకని ఇస్త్రీ పెట్టె తెచ్చి, మా వాచ్‌మన్ టేబుల్ మీద వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటాను. రెండో సాకెట్లో అతను తన ఫోను పెట్టుకుంటాడు. పోయిన నెల తన యూనిఫాం కూడా తెచ్చాడు.